హైదరాబాద్ సంస్థానం చివరి దశలో రాజకీయ, సాయుధ నాయకులు

హైదరాబాద్ సంస్థానం 1948 సెప్టెంబరులో భారత యూనియన్‌లో కలిసింది. దానికి ముందూ వెనుకా గడిచిన రెండు దశాబ్దాల్లో ఇక్కడి రాజకీయాలను నడిపినవారు మూడు పక్షాలకు చెందినవారు. ఒక పక్షం నిజాం, ఆయన మంత్రులు, వారికి అండగా లేచిన రజాకార్లు. రెండోది స్టేట్ కాంగ్రెస్. మూడోది ఆంధ్ర మహాసభలో పుట్టి పెరిగిన కమ్యూనిస్టు నాయకత్వం. ఈ మూడు పక్షాలూ ఏదో ఒక దశలో ఆయుధం పట్టినవే. అయితే ఆయుధం పట్టినవాడు ఎవరి మాట విన్నాడన్నది మూడింటిలో మూడు రకాలుగా ఉంది. సంస్థానం అయిదు రోజుల్లో ఎందుకు కూలిందో, రైతాంగ పోరాటం అయిదేళ్లు ఎలా నిలిచిందో, చివరకు ఎందుకు ఆగిందో ఈ తేడాలోనే తెలుస్తుంది.

సంస్థానం విస్తీర్ణం సుమారు 82 వేల చదరపు మైళ్లు. 1941 లెక్కల ప్రకారం జనాభా కోటీ 60 లక్షలు దాటింది. పదహారు జిల్లాల్లో ఎనిమిది తెలుగువి, అయిదు మరాఠీవి, మూడు కన్నడవి. పాలన, చదువు, కోర్టు అన్నీ ఉర్దూలో సాగేవి. భూమిలో దాదాపు అరవై శాతం దివానీ కింద ప్రభుత్వ పన్ను కట్టేది. మిగిలినదంతా జాగీర్లు, నిజాం సొంత సర్ఫేఖాస్ భూములు. దివానీ ఊళ్లలో కూడా రైతుకు ఎదురయ్యేది సర్కారు కాదు, గడీలో కూర్చున్న దొర. దేశ్‌ముఖులు, దేశ్‌పాండేలు వేలాది ఎకరాలను తమ పేర రాయించుకున్నారు. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, మాల కులాలవారు కూలి లేకుండా వెట్టి చేసేవారు.

ఉత్తర తెలంగాణలో తిరుగుబాటు నాయకత్వం అంతకు చాలా ముందు నుంచే ఉంది. నిర్మల్ ప్రాంతంలో గోండులను, రొహిల్లాలను కూడగట్టిన రాంజీ గోండును 1860లో ఉరితీశారు. ఆసిఫాబాద్ అడవుల్లో జల్, జంగల్, జమీన్ కోసం లేచిన కొమురం భీం 1940లో జోడేఘాట్ వద్ద నిజాం పోలీసుల కాల్పుల్లో నేలకొరిగాడు. ఆ రెండు తిరుగుబాట్లకూ ధైర్యం కొరవడలేదు. పట్నంలో వాటి తరఫున మాట్లాడే సంస్థ మాత్రం లేకపోయింది. తర్వాతి తరం నాయకులకు ఆ సంస్థ దొరికింది.

ఆంధ్ర మహాసభ

1921లో హైదరాబాద్ వివేకవర్ధని సభలో తెలుగులో మాట్లాడబోయిన ఆలంపల్లి వెంకటరామారావును శ్రోతలు గేలి చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానంతో పుట్టిన ఆంధ్ర జనసంఘం క్రమంగా ఆంధ్ర మహాసభగా ఎదిగింది. మొదటి సభ 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగింది. తర్వాత దేవరకొండ, ఖమ్మం, సిరిసిల్ల, షాద్‌నగర్ మీదుగా ఆరో సభ 1937లో నిజామాబాద్‌కు చేరింది; దానికి అధ్యక్షుడు 'రయ్యత్' ఉర్దూ పత్రిక సంపాదకుడు మందుముల నరసింగరావు. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు, కొండా వెంకటరంగారెడ్డి వంటి పెద్దలు వకీళ్లు, పత్రికా రచయితలు. గ్రంథాలయాలు, తెలుగు బడులు, స్త్రీ విద్య, వెట్టి రద్దు వారి కోరికలు. సర్కారుకు మహజరు రాయడం, తీర్మానం చేయడం వారి పద్ధతి.

ఈ పద్ధతిని మార్చినవాడు రావి నారాయణరెడ్డి. 1908లో బొల్లేపల్లిలో భూస్వామి ఇంట పుట్టి, హరిజన సేవతో ప్రజా జీవితంలోకి వచ్చి, 1941 చిలుకూరు సభకు అధ్యక్షుడయ్యారు. 1944 భువనగిరి సభలో సంస్థ కమ్యూనిస్టులు, మితవాదులు అని రెండుగా చీలింది. సభ్యత్వ రుసుం అణాకు తగ్గింది. ఈ అణా చాలా పెద్ద మార్పు తెచ్చింది. అప్పటిదాకా వకీలు, పటేలు చేరే సంస్థలో కౌలుదారు, కూలీ కూడా చేరారు. మితవాదులు విడిపోయి వేరే సభలు పెట్టుకున్నా, ఊళ్లలో 'సంఘం' అంటే రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి నడిపే మహాసభే అయింది. కర్రలు పట్టుకుని తిరిగే వాలంటీర్లను చూసి జనం దాన్ని గుత్పల సంఘమని, రాత్రికి రాత్రి చీటీల మీద ఆజ్ఞలు వచ్చే పాలనను చీట్ల రాజ్యమని పిలిచారు.

కడవెండి, పాలకుర్తి

సాయుధ పోరాటం ఎవరో ఒక కమిటీలో కూర్చుని నిర్ణయించిన రోజున మొదలైనది కాదు. విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి ఆధీనంలోని ఊళ్లలో 1944 నుంచే సంఘానికి, గడీకి తగువు ముదిరింది. పాలకుర్తిలో చాకలి కులానికి చెందిన చిట్యాల ఐలమ్మ కౌలు భూమి సాగు చేసుకుని సంఘంలో చేరింది. పంట కోతకు వచ్చినప్పుడు దేశ్‌ముఖ్ మనుషులు దాన్ని కోసుకుపోవడానికి వచ్చారు. సంఘం కార్యకర్తలు గుత్పలతో వారిని తరిమి, పంట కోసి, ధాన్యాన్ని ఐలమ్మ ఇంటికి చేర్చారు. ఆమె ఇల్లు తగలబెట్టినా, కుటుంబాన్ని హింసించినా ఆ గింజలు మాత్రం గడీకి చేరలేదు. ఒక చాకలి స్త్రీ దొర మీద గెలిచిందన్న కబురు చుట్టుపక్కల తాలూకాలన్నిటికీ పాకింది. సంఘానికి ఏ తీర్మానమూ తేలేని బలాన్ని అది తెచ్చింది. ఐలమ్మకు పదవి లేదు, చదువు లేదు; అయినా ఈ కాలపు నాయకుల జాబితాలో ఆమె పేరు ముందు వరుసలోనే ఉండాలి.

1946 జూలై 4న కడవెండిలో సంఘం ఊరేగింపు దేశ్‌ముఖ్ ఇంటి సమీపానికి వచ్చినప్పుడు గడీ మనుషులు కాల్పులు జరిపారు. ముందు నడుస్తున్న దొడ్డి కొమురయ్య అక్కడే ప్రాణం విడిచాడు. ఆయన అన్న మల్లయ్య గాయపడ్డాడు. జనం వెనక్కి పారిపోలేదు, గడీని చుట్టుముట్టారు. కొమురయ్య అంత్యక్రియలకు చుట్టుపక్కల ఊళ్ల నుంచి వేలమంది వచ్చారు. అక్కడి నుంచి గుంపులు గుంపులుగా ఊరూరా తిరిగి సంఘాలు పెట్టారు, వెట్టి ఆపించారు. అప్పటి ఆయుధాలు కర్ర, వడిసెల, రోకలి, కారంపొడి. తుపాకులు తర్వాత వచ్చాయి.

దళాలు, వాటి నాయకులు

1946 చివరికి నిజాం ప్రభుత్వం కమ్యూనిస్టు పార్టీని, సంఘాన్ని నిషేధించింది. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ ముగ్గురూ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. ఈ ముగ్గురిలో ఒకరు నల్లగొండ రైతు నాయకుడు, ఒకరు కరీంనగర్ జిల్లా గాలిపల్లికి చెందినవాడు, ఒకరు సిటీ కాలేజీలో పాఠాలు చెప్పి కార్మిక సంఘాలు కట్టిన ఉర్దూ కవి. సైన్యంలో పనిచేసిన అనుభవం ఎవరికీ లేదు.

తర్వాతి కాలపు చెచెన్యాతో పోలిస్తే ఈ విషయం మరింత స్పష్టమవుతుంది. రష్యా నుంచి విడిపోవడానికి పోరాడిన ఆ చిన్న దేశానికి 1991లో అధ్యక్షుడైన జోఖర్ దుదాయెవ్ సోవియట్ వైమానిక దళంలో మేజర్ జనరల్. 1997 ఎన్నికల్లో గెలిచిన అస్లాన్ మస్ఖదోవ్ సోవియట్ ఫిరంగి దళంలో కర్నల్. అక్కడ యుద్ధం తెలిసినవాళ్లు రాజకీయాల్లోకి వచ్చారు. తెలంగాణలో రాజకీయం తెలిసినవాళ్లు యుద్ధం నేర్చుకున్నారు. అందుకే ఇక్కడి దళంలో రాజకీయ పాఠానికి, తుపాకి శిక్షణకు సమాన విలువ ఉండేది. భూమి పంచకముందు ఊరి కమిటీని ఎన్నుకోవడం, దొర పత్రాలను, అప్పు కాగితాలను నడిబజారులో కాల్చడం, ఆ తర్వాతే పొలంలో గెట్టు వేయడం వారి క్రమం.

దళంలో సాధారణంగా పదిమంది దాకా ఉండేవారు. దానికి ఒక కమాండర్, రాజకీయ బాధ్యుడు, కబుర్లు మోసే కొరియర్లు, తలదాచుకునే డెన్లు ఉండేవి. ఊళ్లో ఉండి రాత్రి కాపలా కాసేది గ్రామ రక్షక దళం. మొదట్లో మందు కూరి పేల్చే భర్మార్ తుపాకులే దిక్కు. పోలీసు ఠాణాల మీద, రజాకార్ల క్యాంపుల మీద దాడి చేసి రైఫిళ్లు తెచ్చుకున్నారు. నిర్ణయాలు మాత్రం విజయవాడ నుంచి పనిచేసే ఆంధ్ర పార్టీ నాయకత్వంతో ముడిపడి ఉండేవి. పుచ్చలపల్లి సుందరయ్య, చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య తెలంగాణ బయట పుట్టినా, ఈ పోరాటానికి వ్యూహకర్తలు వారే. తెలంగాణ లోపల దేవులపల్లి వెంకటేశ్వరరావు సంస్థకు వెన్నెముకగా నిలిచారు.

రణరంగంలో పేరు మోసిన కమాండర్లలో మొదట చెప్పవలసింది కరివిరాల కొత్తగూడెంకు చెందిన భీమిరెడ్డి నరసింహారెడ్డి. సూర్యాపేట, జనగామ తాలూకాల్లో దళాలను కట్టి నడిపింది ఆయనే. ఆయన చెల్లెలు మల్లు స్వరాజ్యం చిన్నవయసులోనే ఇల్లు విడిచి దళంలో చేరారు. పాటలతో సభలను కదిలించి, తర్వాత 'రాజక్క' పేరుతో అజ్ఞాతంలో దళానికి నాయకత్వం వహించారు. ఆమె తలకు సర్కారు పదివేల రూపాయల వెల కట్టింది. ఆరుట్ల రామచంద్రారెడ్డి, ఆరుట్ల కమలాదేవి దంపతులు భువనగిరి ప్రాంతంలో కలిసి పనిచేశారు. జనగామ ప్రాంత నాయకుడు నల్లా నర్సింహులుకు మరణశిక్ష పడింది. ఆయనతోపాటు ఉరిశిక్ష పడిన తెలంగాణ రైతుల తరఫున వాదించడానికి బ్రిటిష్ న్యాయవాది డి.ఎన్. ప్రిట్ భారతదేశానికి వచ్చారు. చివరకు ఆ శిక్షలు అమలు కాలేదు.

కరీంనగర్ జిల్లాలో అనభేరి ప్రభాకరరావు దళం 1948 మార్చి 14న హుస్నాబాద్ దగ్గర మహ్మదాపూర్ గుట్టల్లో పోలీసుల కాల్పులకు చిక్కింది. అనభేరితోపాటు సింగిరెడ్డి భూపతిరెడ్డి, మరికొందరు సహచరులు అక్కడే అమరులయ్యారు. పోలంపల్లిలో భూస్వామి కుటుంబంలో పుట్టిన అనభేరి, తన వర్గం భూమి రికార్డులను తన చేతులతోనే తగలబెట్టించినవాడు. ఈ పోరాటంలో పై వరుస నాయకులు చాలామంది దొరల ఇళ్లనుంచో పటేళ్ల ఇళ్లనుంచో వచ్చినవారే. దళాల్లో చేరి ప్రాణాలిచ్చినవారిలో ఎక్కువమంది బహుజన కులాల పేద రైతులు, కూలీలు. చరిత్ర పుస్తకాల్లో మొదటివారి పేర్లు నిలిచినంతగా రెండోవారి పేర్లు నిలవలేదు, అది ఈ చరిత్ర రచనలో ఇప్పటికీ పూడని లోటు.

పార్టీ తరఫున సుందరయ్య తర్వాత రాసిన లెక్క ప్రకారం పోరాటం దాదాపు మూడువేల గ్రామాలకు విస్తరించింది. పది లక్షల ఎకరాల భూమి పంపిణీ అయింది. నాలుగువేల మంది చనిపోయారు.

నిజామాబాద్ జిల్లా

ఈ పోరాటానికి ప్రధాన కేంద్రం నల్లగొండ, వరంగల్, ఖమ్మం ప్రాంతాలు. నిజామాబాద్ జిల్లాలో దళాల పోరు ఆ స్థాయికి చేరలేదు. దీనికి భూమి తీరు ఒక కారణంగా చెప్పుకోవచ్చు. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ మంజీర నీటిని కాలువలకు ఎక్కించింది. దాని వెంట చెరకు వచ్చింది. 1930ల చివర్లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ లేచింది. సాగునీటి పంట, ఫ్యాక్టరీ కూలి, బండి కిరాయి దొరికే ఊళ్లలో బతుకు బాధలు లేవని కాదు; కానీ ఎండిన చెలకల మీద వెట్టి చేసే నల్లగొండ రైతుకు ఉన్నంత తెగింపు పుట్టే పరిస్థితి ఇక్కడ లేదు. పైగా జిల్లా సరిహద్దు మరాఠ్వాడాకు ఆనుకుని ఉండడంతో బోధన్ వైపు ఊళ్లకు దగ్గరగా ఉన్నది స్టేట్ కాంగ్రెస్, ఆర్యసమాజం ప్రభావం ఎక్కువగా ఉన్న నాందేడ్ జిల్లా.

ఈ చరిత్రలో జిల్లాకు దక్కిన పేరు వేరే రకమైనది. ఇందూరు (నిజామాబాద్) ఖిల్లా మీద ఉన్న జైలు సంస్థానం నలుమూలల నుంచి పట్టుకొచ్చిన రాజకీయ ఖైదీలకు నెలవైంది. కవి దాశరథి కృష్ణమాచార్యను ఇక్కడే నిర్బంధించారు. కాగితం, కలం దొరకని చోట పళ్లు తోముకునే బొగ్గుతో గోడమీద నిజాంను ఎదిరిస్తూ పద్యాలు రాశారు. దేశోద్ధారక గ్రంథమాల స్థాపకుడు వట్టికోట ఆళ్వారుస్వామి కూడా ఈ జైల్లో ఆయన సహచరుడు. జైలు గోడ మీది ఆ బొగ్గు రాతలను వార్డర్లు చెరిపేసినా, పద్యాలు జనం నోళ్లలో నిలిచాయి.

స్టేట్ కాంగ్రెస్

హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ 1938లో పుట్టకముందే నిషేధానికి గురైంది. ఆ అక్టోబరులో మొదలైన సత్యాగ్రహంతో ముందుకు వచ్చిన నాయకుడు స్వామి రామానంద తీర్థ. కన్నడ నేలపై పుట్టి, మరాఠీ ప్రాంతంలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన ఈ సన్యాసి తెలుగు జిల్లాల్లో కూడా అంగీకారం పొందారు. 1946లో నిషేధం తొలగాక ఆయన బూర్గులను స్వల్ప తేడాతో ఓడించి అధ్యక్షుడయ్యారు. 1947 ఆగస్టు 7న భారత యూనియన్‌లో చేరాలన్న ఉద్యమం మొదలైంది. ఆగస్టు 15న జెండా ఎగరేసినందుకు రామానంద తీర్థను అరెస్టు చేశారు. మధిర తాలూకాలో జమలాపురం కేశవరావు, వరంగల్‌లో కాళోజీ నారాయణరావు ఈ ఉద్యమంలో జైళ్లకు వెళ్లారు.

అహింసను నమ్మిన సంస్థ అయినా కాంగ్రెస్ సరిహద్దుల వెంట శిబిరాలు పెట్టింది. అక్కడి నుంచి యువకులు కరోడ్‌గిరీ సుంకపు నాకాల మీద, ఠాణాల మీద దాడులు చేశారు. చాందా శిబిరంలో పనిచేసినవారిలో తర్వాత ప్రధానమంత్రి అయిన పి.వి. నరసింహారావు ఒకరు. నాందేడ్ జిల్లా ఉమ్రిలో 1948 జనవరిలో జరిగిన బ్యాంకు దాడి ఈ సరిహద్దు చర్యల్లో బాగా పేరు పొందింది. కాంగ్రెస్ ఆయుధం పట్టినా అది పక్కవాద్యంగానే ఉంది. అసలు ఆశ ఢిల్లీ మీద. కమ్యూనిస్టులకు, కాంగ్రెస్‌కు నిజాం పట్ల వైరం ఒకటే. సంస్థానం పోయాక భూమి ఎవరిదన్న ప్రశ్న దగ్గర దారులు వేరయ్యాయి.

నిజాం పక్షం

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1911లో గద్దెనెక్కారు. మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ 1927లో పుట్టింది. దాన్ని జనాకర్షణ ఉన్న రాజకీయ శక్తిగా మలచినవాడు బహదూర్ యార్ జంగ్, గొప్ప ఉర్దూ వక్త. ఆయన 1944లో హఠాత్తుగా చనిపోయారు. 1946లో నాయకత్వం లాతూర్ వకీలు ఖాసిం రజ్వీ చేతికి వచ్చింది. అప్పటికే ఉన్న వాలంటీర్ల దళం రజాకార్లుగా, ప్రైవేటు సైన్యంగా మారింది. వారి సంఖ్య రెండు లక్షల దాకా ఉండేదని అంచనాలున్నాయి. శిక్షణ, ఆయుధం ఉన్నవారు అందులో కొందరే.

1947 అక్టోబరు 27 తెల్లవారుజామున జరిగినది రజ్వీ బలాన్ని బయటపెట్టింది. భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం మీద సంతకానికి ప్రధానమంత్రి ఛత్తారీ నవాబు, రాజ్యాంగ సలహాదారు సర్ వాల్టర్ మాంక్టన్, సర్ సుల్తాన్ అహ్మద్ ఢిల్లీ బయలుదేరవలసి ఉంది. రజాకార్ల గుంపులు వారి ఇళ్లను చుట్టుముట్టి కదలనివ్వలేదు. పోలీసులు చూస్తూ ఉండిపోయారు. ఛత్తారీ రాజీనామా చేశారు. పారిశ్రామికవేత్త మీర్ లాయక్ అలీ ప్రధాని అయ్యారు. నవంబరు 29న అదే ఒప్పందం మీద నిజాం సంతకం చేశారు. కానీ ఆ తెల్లవారుజాము తర్వాత సంస్థానాన్ని ఎవరు నడుపుతున్నారో అందరికీ తెలిసిపోయింది. లాయక్ అలీ మంత్రివర్గంలో పింగళి వెంకటరామారెడ్డి ఉపప్రధానిగా, దళిత నాయకుడు బి.ఎస్. వెంకటరావు విద్యామంత్రిగా ఉన్నారు. వారి ఉనికి రజాకార్లను అదుపు చేయలేకపోయింది. యాభై ఏళ్ల తర్వాత చెచెన్యాలోనూ ఎన్నికైన మస్ఖదోవ్ మాట వినని కమాండర్ షమిల్ బసాయెవ్ 1999లో దాగెస్తాన్ మీద దాడికి దిగి, దేశాన్ని రెండో యుద్ధంలోకి ఈడ్చాడు. ప్రభుత్వం చేతిలో లేని సేన చివరకు ప్రభుత్వాన్నే మింగుతుందనడానికి ఈ రెండు చోట్లా జరిగినదే రుజువు.

రజాకార్ల దాడులకు పల్లెలు బలైపోయాయి. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిని రజాకార్లు, నిజాం పోలీసులు ఫిరంగులతో వచ్చి చుట్టుముట్టారు. ఊరి నడుమ ఉన్న బురుజు మీది నుంచి యువకులు చివరిదాకా ఎదురు కాల్చారు. మందుగుండు నిల్వ పేలాక ఊరు వారి చేతికి చిక్కింది. తొంభై మందికి పైగా చనిపోయారు. అంతకు కొద్ది రోజుల ముందే 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను హైదరాబాద్ వీధిలో నరికి చంపారు. రజాకార్లను విమర్శిస్తూ, సంస్థానం భారత్‌లో కలవాలని రాసిన ముస్లిం యువకుడు ఆయన. ఈ కాలపు వైరాన్ని హిందూ ముస్లింల తగాదాగా మాత్రమే చూసేవారు షోయబుల్లాఖాన్‌ను, మఖ్దూంను, నిజాం మంత్రివర్గంలో ఉన్న వెంకటరామారెడ్డిని, గడీల్లో ఉన్న హిందూ దేశ్‌ముఖులను లెక్కలోకి తీసుకోనివారే.

సైనికుడిగా శిక్షణ పొందిన నాయకుడు ఈ పక్షంలో ఒక్కరే, సంస్థాన సైన్యాధిపతి మేజర్ జనరల్ సయ్యద్ అహ్మద్ ఎల్ ఇద్రూస్. అరబ్బు వంశీయుడు. సుమారు 22 వేల మంది ఉన్న ఆయన సైన్యంలో పూర్తి శిక్షణ ఉన్నవారు తక్కువ. రాజకీయ నిర్ణయాల్లో ఆయన మాటకు విలువ లేదు. భారత సైన్యం ముందు ఎక్కువకాలం నిలవలేమని సైన్యాధిపతికి తెలిసినా, నిర్ణయించేవాడు రజ్వీ.

సైనిక చర్య, ఆ తర్వాత

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది. దక్షిణ కమాండ్ అధిపతి లెఫ్టినెంట్ జనరల్ రాజేంద్రసింహజీ. షోలాపూర్ వైపు నుంచి మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి, విజయవాడ వైపు నుంచి మేజర్ జనరల్ ఎ.ఎ. రుద్ర బలగాలను నడిపించారు. 17న లాయక్ అలీ మంత్రివర్గం రాజీనామా చేసింది. నిజాం దక్కన్ రేడియోలో లొంగుబాటు ప్రకటించారు. మర్నాడు ఇద్రూస్ నగరం బయట చౌధురికి లొంగిపోయారు. చౌధురి సైనిక గవర్నరయ్యారు, తర్వాత 1962లో భారత సైన్యాధిపతి అయ్యారు. రజ్వీ 1957 దాకా జైల్లో ఉండి పాకిస్తాన్ వెళ్లి 1970లో చనిపోయాడు. లాయక్ అలీ 1950లో గృహనిర్బంధం నుంచి తప్పించుకుని పాకిస్తాన్ చేరారు. నిజాం మాత్రం 1950 నుంచి 1956 దాకా రాజప్రముఖ్‌గా కొనసాగారు.

విలీనం సంబరంతో పాటు నెత్తురును కూడా తెచ్చింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ముస్లింల మీద ప్రతీకార దాడులు జరిగాయి. భారత ప్రభుత్వం పంపిన పండిత సుందర్‌లాల్ బృందం మృతుల సంఖ్యను 27 వేల నుంచి 40 వేల దాకా అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు బయటకు రాలేదు.

కమ్యూనిస్టు నాయకత్వానికి అసలు పరీక్ష ఇక్కడ మొదలైంది. నిజాం పోయాక తుపాకి దించాలా, భూమి నిలబెట్టుకోవడానికి భారత సైన్యంతో పోరాడాలా? రావి నారాయణరెడ్డి ఆపాలన్నారు. తన వాదనను 'నగ్న సత్యాలు'గా 1950లో రాతపూర్వకంగా పెట్టారు. చండ్ర రాజేశ్వరరావు, సుందరయ్య, బసవపున్నయ్య కొనసాగించారు. సైన్యం మైదానాల నుంచి దళాలను గోదావరి అడవుల్లోకి, నల్లమలలోకి నెట్టింది. దళాలు ఇంకా చిన్న బృందాలుగా విడిపోయి కోయల, చెంచుల మధ్య తలదాచుకున్నాయి. అదే సమయంలో ప్రభుత్వం 1949 ఆగస్టులో జాగీర్లను రద్దు చేసింది, 1950లో కౌలుదారీ చట్టం తెచ్చింది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలిచ్చి వినోబా భావే భూదానోద్యమానికి తెరతీశారు. ఈ చర్యలన్నీ దళాల వెంట ఉన్న రైతును నెమ్మదిగా దూరం చేశాయి. అయితే ఆ చట్టాలు వచ్చింది కూడా పోరాటం వల్లే.

1951లో రాజేశ్వరరావు, బసవపున్నయ్య, అజయ్ ఘోష్, డాంగే రహస్యంగా మాస్కో వెళ్లి స్టాలిన్‌ను కలిశారు. ఆ చర్చల తర్వాత పార్టీ పంథా మారింది. అక్టోబరు 21న పోరాటాన్ని విరమిస్తున్నట్టు ప్రకటించారు. అడవిలో ఉన్న దళాలు ఆ ఆజ్ఞను పాటించాయి. కమాండర్లు రాజకీయ నాయకత్వం మాట విన్నారు కనుకనే తుపాకి దించడం సాధ్యమైంది. రజ్వీ పక్షంలో లేనిది ఇదే. విరమణ మూడేళ్లు ఆలస్యమైందన్న రావి నారాయణరెడ్డి వాదనకు బలం ఉంది. 1948 తర్వాత పోయిన ప్రాణాలు చాలా ఎక్కువ.

ఎన్నికల్లోకి

1952 తొలి సార్వత్రిక ఎన్నికల నాటికి హైదరాబాద్ రాష్ట్రంలో పార్టీ మీద నిషేధం ఉంది. అందుకే పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ పేరుతో పోటీ చేశారు. ద్విసభ్య నియోజకవర్గమైన నల్లగొండ లోక్‌సభ స్థానంలో రావి నారాయణరెడ్డికి మూడు లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి. దేశంలో నెహ్రూకు వచ్చినవాటికన్నా అవి ఎక్కువ. కరీంనగర్‌లో బద్దం ఎల్లారెడ్డి, వరంగల్‌లో పెండ్యాల రాఘవరావు గెలిచారు. ఆలేరు నుంచి ఆరుట్ల కమలాదేవి శాసనసభకు వచ్చారు. 175 స్థానాల శాసనసభలో ఫ్రంటుకు 42 దక్కాయి. 93 గెలిచిన కాంగ్రెస్ తరఫున బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యారు. దళాల ప్రభావం తక్కువగా ఉన్న నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో కాంగ్రెస్ అభ్యర్థి హెచ్.సి. హేడా గెలిచి, తర్వాత రెండు ఎన్నికల్లోనూ నిలిచారు. ఎక్కడ సంఘం బలంగా ఉన్నదో ఓట్లు అక్కడే పడ్డాయి.

1964లో కమ్యూనిస్టు పార్టీ చీలికతో నాయకులు విడిపోయారు. రావి నారాయణరెడ్డి, రాజేశ్వరరావు, మఖ్దూం, బద్దం ఎల్లారెడ్డి, ఆరుట్ల దంపతులు సీపీఐలో ఉండగా, సుందరయ్య, బసవపున్నయ్య, భీమిరెడ్డి, మల్లు స్వరాజ్యం సీపీఎంలోకి వెళ్లారు. దేవులపల్లి వెంకటేశ్వరరావు ఆ తర్వాత విప్లవ కమ్యూనిస్టుల వైపు నడిచారు. రాజేశ్వరరావు 1964 నుంచి 1990 దాకా సీపీఐ ప్రధాన కార్యదర్శిగా ఉన్నారు. భీమిరెడ్డి మిర్యాలగూడ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. మల్లు స్వరాజ్యం తుంగతుర్తి నుంచి 1978లో, 1983లో శాసనసభకు గెలిచారు. దళాలకు నాయకత్వం వహించిన తరంలో చివరివరకు ప్రజల మధ్య నిలిచిన ఆమె 2022 మార్చి 19న హైదరాబాద్‌లో కన్నుమూశారు.